నీకేమవుద్ది?

మార్కాపురం రిజిస్ట్రారాఫీసులో
యంత్రం నా బొటనవేలిని ఒప్పుకోలేదు.
ముప్పయ్యేళ్ల పలకల పని
గీతలన్నీ అరగదీసింది.

"మస్తాన్‌బీ నీకేమవుద్ది?"
తలెత్తకుండా అడిగాడు గుమాస్తా.
ఏం చెప్పను?
ఒకే రంపం దుమ్ము మింగామనా,
నేను "బాగానే ఉన్నా"నంటే
నమ్మని మనిషి ఈమె ఒక్కతేననా?

కాయితంలో రాయించాను:
నాకు మతి తప్పితే
ఈమె మాటే నా మాట.
పింఛను, అద్దెగది, ఒంగోలు ఆసుపత్రి,
గొంతులో గొట్టం వేయాలో వద్దో కూడా.
రాయించనిది ఒకటుంది,
పోట్లాడకుండా దేనికీ ఒప్పుకోవద్దని.

ఐదోసారీ ఎర్రలైటే.
మస్తాన్‌బీ నా వేలు లాక్కుని
తనకే చాలని ఊపిరి దాని మీద ఊది,
పలక తుడిచినట్టు కొంగుతో తుడిచి
అద్దమ్మీద తనే నొక్కింది,
"అదురుతావేందే, ఉండు" అని తిడుతూ.