కన్ను వేయని కందవాయి

గోపాల్‌పూర్ నించి బరంపురానికి
ఐసు బండిలో వచ్చింది అది,
చేపల బుట్టల మీద, టార్పాలిన్ చుట్టుకుని.
డ్రైవరు పక్క సీట్లో సూరాడ కోదండు
కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చున్నాడు.
వాసన అలాంటిది.
కుళ్ళిన చేప వాసన కాదు,
పసిపిల్లల పక్కగుడ్డలు వారం నానబెట్టి మరిచిపోయిన వాసన.
ఒంటినిండా అమ్మోనియా, అందుకే తేలింది, అంది పాఢీ మేడం.
బతికున్నన్నాళ్ళూ లోతుల్లో మోసిన ఉప్పే
చచ్చాక పైకి పట్టిచ్చింది.

కాలేజీ మొత్తంలో తెలుగు వినే చెవి
నాదేనని ఎలా పసిగట్టాడో,
కోదండు నాతోనే చెప్పాడు:
"వలకి పడ్లేదండీ. తెల్లారగట్ల తెడ్డుకి తగిలినాది.
దుంగనుకున్నాను.
దుంగకి సేతులున్నాయి."

ఎనిమిది చేతులు. పొడుగు తీగలు రెండుండాలి,
ఒకటే ఉంది.
రెండోది సొర కొరికిందో,
కోదండే ఎరకి కోసి దాచుకున్నాడో
నేను అడగలేదు.

మూడు రోజులు దానిమీదే వంగి ఉన్నాం.
కళ్ళు మండి లెక్చరర్లు జారుకున్నారు.
మేడమూ, నేనూ, సూదీ.
జానెడుకో పోటు, ఫార్మలిన్ ఎక్కించడం.
వేలు నొక్కితే గుంట పడి
గుంట గుంటలాగే ఉండిపోయే ఒళ్ళు.
మూడు గుండెలట దీనికి,
మూడింటికీ విడివిడిగా ఎక్కించాను.
చిలక ముక్కు నోరు.
మింగిన తిండి మెదడు నడిమధ్యలోంచి దిగుతుంది,
ముద్ద పెద్దదైతే తలకే దెబ్బ, అంది మేడం.
నవ్వొచ్చింది.
మా ఇంట్లో ముద్ద దగ్గర
తల దెబ్బతినని రోజేది?

ఇరవై అడుగుల గాజుపెట్టెకి డబ్బుల్లేవు.
ఆర్జిపల్లిలో పడవలు పోసే మైలపల్లి దానేసు వచ్చాడు.
అదే ఫైబరు, అదే జిగురు.
"పడవలోకి నీళ్ళు రాకూడదు,
దీన్లోంచి నీళ్ళు పోకూడదు, అంతేగా"
అని బీడీ ఒకటి పూర్తిగా కాల్చి మొదలెట్టాడు.
ముందు వైపు అద్దం బిగించాడు గానీ
చెయ్యి అలవాటు మానుతుందా,
ఒక కొస అణియంలా పైకి లేచింది.
దానికి పసుపు కూడా రాశాడు.
మేడం చూడనట్టే ఊరుకుంది.

చిక్కంతా కన్ను దగ్గరొచ్చింది.
ఒకటి చేపలు తినేశాయి.
రెండోది, అన్నం పళ్ళెమంత,
ఐసు కరిగేసరికి నీరుకారి
ఖాళీ సంచీలా వేలాడింది.
బొమ్మకన్నైనా పెట్టించండి,
పెద్దలొస్తున్నారు, అన్నాడు ప్రిన్సిపాలు.
ఠాకురాణి యాత్రకి మట్టిబొమ్మలు చేసే
బిశి మహారణాని రిక్షాలో తీసుకొచ్చాను.
ముసలాయన మధ్యాహ్నమంతా ఊరికే చూశాడు.
తెల్లగుడ్డు వంపు పోసి, నునుపు చేసి,
నల్లగుడ్డు దగ్గర
కుంచె ముంచి, ఆగిపోయాడు.
ఆయన ఒడియాలో అన్నది
నాలో నేను తెలుగు చేసుకున్నాను:
కన్ను వేస్తే పూజ చెయ్యాలి.
పూజ చేస్తే నీళ్ళలో కలపాలి.
మీరు కలపరుగా.
సగం డబ్బే తీసుకుని వెళ్ళిపోయాడు.

చీటీ అంటించారు. ఒడియాలో ఒక పేరు,
ఇంగ్లీషులో ఒకటి,
ఎవరి నోరూ తిరగనిది ఇంకొకటి.
వెనక, గోడకానే వైపు,
మార్కరుతో కందవాయి అని రాశాను.
ఎవరూ చదవరు. చెరిపేవాళ్ళూ లేరు.

ఆరేళ్ళకి కోదండు వచ్చాడు,
పెళ్ళాన్నీ కొత్త అల్లుణ్ణీ వెంటేసుకుని,
చెప్పులు గుమ్మం బయట విడిచి.
అద్దం ఈ కొస నించి ఆ కొసకి నడిచాడు,
అణియం మీద చెయ్యి వేశాడు,
ఆ తెల్లటి కంటి ముందు నిలబడ్డాడు.
"ఇది కాదండీ. నాను తెచ్చింది ఎర్రగున్నాది."
రంగు మందులోకి దిగిపోయింది, అన్నాను.
"మరి మందు ఎర్రబడాలి గదా?"

నెలనెలా మూత తీసి
ఇంకిపోయిన మేరకి స్పిరిట్ పోసేవాణ్ణి నేనే.
చూశాను.
నీళ్ళలాగే ఉంది.