ఎడమ మెలి

బల్లరాట్‌లో ఆ శనివారం
మెయిల్ బాక్సుల మీంచి పొగమంచు లేవకముందే
మిసెస్ ట్రెవనియన్ గరాజ్ తలుపెత్తింది.
మూడు రంపాలు, మూత లేని కెటిల్,
టేపు ముక్కల మీద వణికే అంకెలు.
ఒక పొడుగాటి అట్టపెట్టె: పద్దెనిమిది డాలర్లు.
"అదేం చేస్తుందో నాకు తెలీదు.
క్లైవ్ తనకు తెలుసనుకునేవాడు."

లోపల రెండు ఇనప పట్టాలు,
వాటి మీద రౌటర్ కూర్చోడానికి పీట,
ఒక కొసన చేతిపిడి, పళ్ళచక్రం,
పుటుక్కున తెగిన ఉక్కు తీగ.
సూచనల పుస్తకంలో
పదకొండో పేజీ తర్వాత పదిహేనోది.
అడుగున, పాత పేపర్లో చుట్టి, రెండు బల్లకాళ్ళు:
బ్లాక్‌వుడ్, తాడు పేనినట్టు,
రెండూ కుడి మెలి.
పద్నాలుగిచ్చి తెచ్చుకున్నాను.
బేరమాడకుండా కొంటే
ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

పగలు బస్సుల బ్రేకులు విప్పి బిగించేవాణ్ణి,
తీగ నాకో లెక్కా?
సైకిలు బ్రేకుది తెచ్చి చుట్టాను.
పిడి తిప్పితే కర్ర తిరుగుతుంది,
కర్ర తిరిగితే తీగ చుట్టుకుంటుంది,
తీగ లాగితే రౌటర్ జరుగుతుంది.
ఇంతే.
ఇంత తెలియడానికి మూడు ఆదివారాలు,
ఆరు పైన్ కర్రలు, ఒక బొటనవేలి గోరు.
రౌటర్ కేక పెట్టినప్పుడల్లా
హైమ వంటింటి కిటికీ మూసేది,
కేక కంటే గట్టిగా.

నెమ్మదిస్తే కర్ర మాడి నల్ల చార.
తొందరపడితే అంచులు పెచ్చులు.
చెయ్యి తిరిగిన పనివాడంటారే,
నాకు పిడే తిరుగుతోంది, చెయ్యి ఇంకా తిరగలేదు.

ఆగకు, ఉరకకు.
మంగళగిరిలో కండెలు చుడుతూ అమ్మ అనేది.
అమ్మది ఎడమచేతి వాటం.
అడ్డం తిరిగిన కండెలని
ఆసామి గంప గంపంతా వెనక్కి పంపేవాడు.
రాత్రి మళ్ళీ విప్పి కుడిచేత్తో చుట్టేది,
అతని ఏడు తరాలనీ
ఒక్కో పోగుకీ ఒక్కొక్కరిగా తలుచుకుంటూ.

నాలుగో ఆదివారం మంచి బ్లాక్‌వుడ్ ఎక్కించాను.
పొట్టు మిరియం వాసనేసింది.
గాడి గాడినంటుకుని సాగింది,
ఒక్క చోటా కర్ర బెదరలేదు.
ఊదేసి, తుడిచి,
క్లైవ్ కాలి పక్కన నిలబెట్టాను.

అది అటు తిరిగింది. నాది ఇటు.

తీగ పైనుంచి చుట్టాల్సింది, కిందనుంచి చుట్టాను.
ఎనభై డాలర్ల కలప.
గరాజ్‌లో తెలుగులో ఎంత తిట్టుకున్నా
ఈ వీధిలో ఎవరికీ నష్టం లేదు.
హైమ వచ్చి రెంటినీ చూసి
"అద్దంలో పెట్టినట్టుంది," అని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం, ఎందుకో,
ఆ కాలు పట్టుకుని మిసెస్ ట్రెవనియన్ తలుపు కొట్టాను.
కళ్ళజోడు వెతుక్కుంది.
గాడిలో వేలు పెట్టి
పైనుంచి కిందికి ఒక చుట్టు పోయి వచ్చింది.
"రెండటు, రెండిటు ఉండాలి బల్లకి.
తొమ్మిదేళ్ళు, ఈ ఇటుది రాలేదాయనకి.
కంపెనీకి ఉత్తరం కూడా రాశాడు.
కంపెనీ లేదని తిరిగొచ్చింది."

ఆ పేజీలు పన్నెండు, పదమూడు, పద్నాలుగు
ఏమయ్యాయో అడగలేదు.
"నాలుగు డాలర్లు తగ్గించాను," అంది,
"బల్ల నాది."

ఇంకో తప్పు కాలు కావాలని చేశాను.
అది మొదటిదానికంటే కష్టమైంది.
పైపలక ఆమె షెడ్లోనే దొరికింది,
మైనం రాసి, దుప్పటి కప్పి.

బిగించాక బల్ల ఊగింది.
రెండు మిల్లీమీటర్లు, అంతే.
ఆమే గ్యాసు బిల్లు నాలుగు మడతలు పెట్టి
వంగి కింద దోపి,
పైన రేడియో పెట్టింది.

"కొలత తప్పావా?" అంది హైమ రాత్రి.
పొట్టి కాలు నాది కాదు.
ఆ సంగతి ఆ ఇంట్లో చెప్పలేదు.