దారం ఎక్కించు, చాలు

గిరింపేట సందులోకి
నీకన్నా ముందు మామిడి గుజ్జు వాసన వస్తాది గుణశేఖరా,
దాని ఎనక నువ్వు.
చేతులకి తోతాపురి జిగట,
కండ్లల్లో రెండు షిఫ్టుల నిద్ర,
సంకలో లెక్కల పుస్తకం.
పోయినేడు అట్టేసి పేరు రాసినావు,
ఇంతవరకు నువ్వు చదివింది ఆ పేరొక్కటే.

సప్లిమెంటరీకి ఇరవై దినాలుండాది.
"రేపట్నించి చదువుతా ధనక్కా" అంటావు.

నీ రేపు నాకు తెలుసు రా.
నా మిషను కింద గంపలో ఉంటాది అది,
పాల డిపో ఆయమ్మ కూతురి జాకెట్టు గుడ్డ.
పెండ్లికని ఇచ్చిపోయింది.
పెండ్లయింది, బిడ్డ కూడా పుట్టింది,
ఇంక ఆ కొలత ఆ పిల్లకి పట్టదు.
నేను సోమరిదాన్ని కాదు, నీకు తెలుసు.
దాని నిండా జరీ. కత్తెర పెడితే పాడైపోతాదని భయం.
ఆ భయానికే బద్ధకమని పేరు పెట్టి
గంప అడుగున దాచినా.

నీ లెక్కలు నాకు రావు.
భాగారం కాడ బడి మానేసినదాన్ని.
నా దగ్గరుండేది ఒకటే మాట:
కుట్టబుద్ధి కానినాడు కుట్టను,
సూదిలో దారం మాత్రం ఎక్కిస్తా.
ఎక్కించినాక లేచిపోవచ్చు, అడిగేవాళ్ళెవరు?
ముప్పై ఏండ్లలో అట్ల లేచిపోయింది రెండుసార్లు.
ఒకసారి పాలు పొంగినాయి,
ఇంకోసారి మా అత్త పోయింది.

ముందు మొగం కడుక్కో.
సంగటి తిను, ఊరిబిండి రోట్లోనే ఉండాది.
గంటసేపు పండుకో, దానికి సిగ్గెందుకు,
కాడి దించినాకే గదా ఎద్దుకైనా కుడితి.
నేను లేపుతా.
లేచినాక ఒక్క లెక్క. పక్కదాని మొగం కూడా చూడొద్దు.
సెల్లు నా బొత్తాముల డబ్బాలో ఎయ్యి,
మోగితే బొత్తాములు ఇంటాయిలే.

మొదటి రాత్రి సగం లెక్కకే గోడకానుకోని గురకపెట్టినావు.
రెండోనాడు రానే లేదు.
మూడోనాడు పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి
"ఇది ఎట్లక్కా?" అంటివి.
నేనేం చెప్పేది!
"ఈడ ఏం రాసుండాదో నాకు అర్థమయ్యేట్టు చెప్పు" అంటి.
చెప్తా చెప్తా పోయి నువ్వు
నడిమధ్యన ఆగి "ఓహో" అంటివి.
ఆ ఓహో నీది.
నేను కత్తెర పట్టుకోని ఊరికే ఉన్నింటి.

ఆ వారమంతా నా మిషను ఒక పక్క, నీ పెన్సిలు ఒక పక్క.
"నీ మిషను సద్దు లేకుంటే నాకు చదువు రాదక్కా" అన్నావొకనాడు.
ఆ మాట తియ్యగానే ఉన్నింది,
రాత్రంతా గొంతులో ముల్లు మాదిరి గుచ్చింది కూడా.
ఆడి మాసంలో నేను కంటి ఆపరేషనుకని వేలూరు పోవల్ల.
అప్పుడేం చేస్తావు రా?

నిన్న రాత్రి బెల్టు తెగింది.
చక్రం ఒట్టిగా రెండు చుట్లు తిరిగి నిలబడింది.
సందులో కుక్క కూడా అరవలేదు.
నీ పక్క చూస్తి.
నువ్వు తల ఎత్తలేదు.
ఒక లెక్క కొట్టేసినావు, మళ్ళా మొదట్నించి ఎత్తుకున్నావు,
పేజీ తిప్పినావు.

బీరువాలో ఇంకో బెల్టు ఉండాది.
నేను ఎతకలేదు.
గంప అడుగునుంచి ఆ జరీ గుడ్డ తీసి దులిపినా,
చేతిసూదికి దారం ఎక్కించినా.
పిల్ల గౌనుకి సరిపోతాదేమో,
మూర ఏసి చూడల్ల.