సన్న గీతలు

కరెంటు బిల్లు వెనుక రాస్తున్న.

రేపు ఆదివారం. నల్లా ఐదున్నరకొస్తది,
ఆరుంబావుకు పోతది.
ఆ లోపల రెండు డ్రమ్ములు, నాలుగు బకెట్లు.
ఎండ ప్రహరీ దిగకముందే కడుగుడు ఒడవాలె.
ఎండల సబ్బు ఆరితే మరక పట్టుకుంటది.
ఇది నాకొకరు చెప్పేది లేదు,
పదహారేండ్ల సంది బావుపేటల
రాయికి నునుపు పెడుతున్నోన్ని.

మొదలు చక్రాలు.
అందరు పైకప్పు కాడ షురూ చేస్తరు.
అసలు మురికి కిందుంటది,
దాన్ని ఆఖరుకు ముట్టుకుంటే
తుడిచిన తలుపు మీదికి మళ్ల చిల్లుతది.
చక్రాల గుడ్డకు మూలకొక ముడి వెయ్యాలె.
లేకుంటే శ్యామల దాన్నే అద్దానికి తీస్తది.

తర్వాత ఉత్త నీళ్లు. చెయ్యి పెట్టొద్దు.
దుమ్ము దానంతటదే జారాలె.
మా దిక్కు దుమ్ము పిండి తీరుగ మెత్తగుంటది గని
అది పొడైపోయిన గుట్ట.
తడపకుండ రుద్దితే
రంగు మీద తన పేరు రాసిపోతది.

ఒక బకెట్ సబ్బుది, ఒకటి జాలిచ్చేది.
పైనుంచి కిందికి. గుండ్రంగ తిప్పొద్దు.
పాత దోతి గుడ్డ వద్దు,
దాని అంచుల జరీ ఉన్నది.

లోపలి పని నీడకొచ్చినంక.
సీటు సందుల రాజేశం సారు హోమియోపతి గోలీలు
ఇంకా దొరుకుతనే ఉన్నయి, సగ్గుబియ్యం లెక్క.
బండి అమ్మి రెండేండ్లాయె,
ఆయన జలుబు మాత్రం మాతోనే తిరుగుతున్నది.

డిక్కీల మేడారం బెల్లం.
బంగారం తూచిన నాడు మూట పిగిలింది,
పట్టా కింద పాకమై పారింది.
వేడినీళ్ల గుడ్డ ఒత్తిపెట్టి, ఆగి, తియ్యాలె.
చీమలు అక్కడొక బజారు పెట్టుకున్నయి.
వాటికొక గంట ముందు మూత తెరిచిపెట్టాలె.

దులిపేటప్పుడు మూతికి గుడ్డ.
మిషన్ కాడ మేము కట్టుకోలేదు.
ఓదెలు ఇప్పుడు మెట్లెక్కుతలేడు.

ఇగ గీత.
ఎడమ దిక్కు వెనుక తలుపు,
పిడి కాడి నుంచి జానెడు.
ఎవడో కొట్టిపోయింది కాదు.
నడుమ తెల్లనరం వచ్చిందని
ఎగుమతికి పక్కకు పెట్టిన పలక,
సేటునడిగి ఇంటికి తెచ్చిన.
ఇంటి ముందట దింపేటప్పుడు దాని మూల తగిలింది.
పలక వంటగట్టయ్యింది.
శ్యామల దాన్ని తుడిచినప్పుడల్ల
ముందుగాల దాంట్ల తన బొట్టు చూసుకుంటది.
బండేమో గీతతోని మిగిలింది.

గోరుతోని చూసిన. తట్టింది.
గోరు తట్టిన కాడ పాలిష్ పని చెయ్యది.
డబ్బ రంగు తెచ్చిన. అది పాలతెలుపు,
బండిది పెరుగు తెలుపు.

రాయికైతే అరవై, నూటిరవై,
నాలుగొందలు, ఎనిమిదొందలు, మూడువేలు.
ఒక్కో నంబరు అంతకు ముందటి గీతను చెరిపి
తనది పెట్టిపోతది.
మెరుపంటే ఇంతే,
కంటికి దొరకనంత సన్నగ గీకుడు.
కొత్త పోరగాండ్లకు చెప్తే నవ్వుతరు.

కని తలుపు రాయి కాదు.
రంగు కాయితమంత మందం.
గీత అడుగుదాక పోతే
చుట్టున్న మంచి రంగు గూడ పోతది.

గీత: మైనం మాత్రం.
నీళ్లు నిలవకుండ, తుప్పు పట్టకుండ.
అంతకు మించి ముట్టొద్దు.

ఆఖరుకు ఆరిన గుడ్డ, రెండుసార్లు.
అద్దాలు అన్నిటికన్న వెనుక.
టైర్లకు నూనె వద్దు,
సోమవారం బండి మళ్ల బావుపేటకే.

శ్యామల కాయితం తీసుకున్నది.
ముడి సంగతి కాడ నవ్వింది,
గీత కాడ ఏమనలేదు.
పెన్నడిగి అడుగున రాసింది:

బిల్లు మంగళవారం ఆఖరు.
ఎనిమిది వందల నలభై.
తడవనియ్యకు.