గ్రాముల కాటా

చేపల్ని నేనెప్పుడూ తూచలేదు.
ఫిషింగ్ హార్బర్ గట్టు మీద
వాటాలు పోసి కంటితో అమ్మినదాన్ని.
ఇప్పుడు పూర్ణా మార్కెట్లో కొన్న
బంగారం తూచే కాటా మీద
నూకరత్నానికి అన్నం పెడుతున్నాను.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
చీటీ మీద రాసిచ్చింది: ఫినైలలనీన్.
మూడుసార్లు పలికించింది.
నాలుగోసారి నేనే పలికాను, ఏడుస్తూ.
అందరి ఒంట్లో అరిగిపోయేది
దీని నెత్తుట్లో నిలిచిపోయి
మెదడుని తినేస్తుందట.
చేప వద్దు. గుడ్డు, పాలు, పప్పు, ఏదీ వద్దు.

పడవ దిగొచ్చిన వాళ్ళ నాన్న
వంజరం తోక పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోతాడు.
రెండుసార్లు సబ్బుతో చేతులు కడిగితే గానీ
పిల్లని ఎత్తుకోడు.
అక్కర్లేదయ్యా అన్నా వినడు.

"పూర్తిగా మానిపించేస్తే?" అనడిగాను.
"అదీ కుదరదమ్మా,
బొత్తిగా లేకపోతే పిల్ల ఎదగదు."

సగ్గుబియ్యం జావ,
తుప్పు వాసనేసే డబ్బా పొడి,
నలభై గ్రాముల అన్నం.
అంకె ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను.
రెండు మెతుకులు ఎక్కువయ్యాయి.
తీసి నా నోట్లో వేసుకుంటాను.

రత్నం నా నోటివైపే చూస్తుంది.