ఉప్పు తిన్న విశ్వాసం

కత్తిరి ఎండలు మొదలయ్యాయని
నీళ్ళ లారీ కుర్రాడు అరిచి చెప్పాడు.
కత్తెర పేరు పెట్టుకున్న ఎండకి
టైలరమ్మంటే లెక్కేముంటుంది!
చాకలిపేట మూడో సందులో, రేకుల కప్పు కింద
నాకే కొలతలు తీస్తోంది.

మిషను పక్కన రెండు లీటర్ల సీసా.
దానిమీద మార్కింగు సుద్దతో నాలుగు గీతలు.
మధ్యాహ్నం అన్నం వేళకి రెండోది దాటాలి.
చెమటలో నీళ్ళు పోతే ఒంట్లో లిథియం చిక్కబడుతుందని,
నడుం నొప్పికి కనపడ్డ గోళీ మింగొద్దని,
మాట తడబడితే ఆలస్యం చేయకుండా రమ్మని
డాక్టర్ తిలకవతి గారు వేళ్ళు మడిచి చెప్పారు.

అదీ ఒక ఉప్పేనట. రాళ్ళలో దొరికేది.
"రోజూ దాని ఉప్పు తింటున్నాను,
విశ్వాసం ఉండొద్దా డాక్టరమ్మా?" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
రక్తపరీక్షకి చీటీ రాసింది.

విశ్వాసం అంత తేలిగ్గా రాలేదులెండి.
రెండుసార్లు మానేశాను.
రెండోసారి, బడులు తెరిచే ముందు,
మూడు రాత్రుల్లో నలభై ఒక్క యూనిఫాంలు కుట్టాను.
నాలుగో రోజు గాజులు తాకట్టు పెట్టి
ఐదు మిషన్లకు బయానా ఇచ్చాను.
రంగులన్నీ నాతో తెలుగులో మాట్లాడేవి.
(ఈ సందులో నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు తక్కువ.)
యేసుపాదం తెల్లచొక్కాలు నిలువునా చీల్చి
సముద్రానికి జాకెట్టు కుడతానన్నాను.
అల ఛాతీ కొలత తీసుకుందామని
టేపు మెళ్ళో వేసుకుని
అర్ధరాత్రి కాశిమేడు వైపు నడిచాను.

తర్వాత వచ్చినదానికి రంగుల్లేవు.
చెప్పడానికీ పెద్దగా లేదు.
కాజాలు కుట్టని జాకెట్టొకటి
హ్యాంగరుకి వేలాడుతూ వానలు చూసింది,
ఎదురింటి క్రిస్మస్ నక్షత్రాన్నీ చూసింది.
నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.
జాకెట్టు తాలూకు మనిషి వచ్చి
ఏమీ అనకుండా తీసుకెళ్ళిపోయింది.
తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చెయ్యి వణుకుతుంది, సన్నగా,
దూరంగా రైలు పోతే గ్లాసులో నీళ్ళు కదిలినట్టు.
సూదిలోకి దారం ఎక్కదు.
పై వాటా కయల్విళి బడికి పోయేముందు
పన్నెండు సూదులకి దారం ఎక్కించి
పిన్నుల దిండుకి గుచ్చి పోతుంది.
కూలీ, వారానికొక రిబ్బను.
"ఎందుకక్కా వణుకు?" అనడిగింది ఒకరోజు.
"మందు వల్ల."
"దేనికి మందు?"
"పెడలు మీంచి కాలు తీసేసినా
ఒక్కోసారి నా చక్రం ఆగదు.
ఒక్కోసారి ఎంత తొక్కినా కదలదు. దానికి."
జడ కొస నోట్లో పెట్టుకుని ఆలోచించి,
"అయితే బెల్టు చూసుకోవాలి" అంది.

మూడు నెలలకోసారి, పొద్దున మాత్ర వేసుకోకముందే,
ఆసుపత్రి వరుసలో చెయ్యి చాపుతాను.
కాగితం మీద సున్నా పాయింటు ఏడు.
బడిలో కూడా సున్నాతో మొదలయ్యే మార్కుకి
ఎవరూ నాకు టీ ఇప్పించలేదు.
యేసుపాదం ఇప్పిస్తాడు. ఆ కాగితాన్ని
కరెంటు బిల్లులతో పాటు ఇనప చువ్వకి గుచ్చుతాడు.

నిజం చెప్పాలంటే, ఆ రంగులు గుర్తొస్తాయి.
అప్పు ఎగ్గొట్టి పోయిన చుట్టాన్ని
తిట్టుకుంటూ తిట్టుకుంటూనే
ఆయన చెప్పిన హాస్యానికి మళ్ళీ నవ్వినట్టు.

ఇవాళ రాత్రి తొమ్మిదిన్నరకి
ఒకావిడ ఆరు పెళ్ళిజాకెట్ల సంచితో దిగింది.
తెల్లారేసరికి కావాలంది, రెట్టింపిస్తానంది.
పట్టు. నెమలికంఠం రంగు.
క్షణంసేపు అది తెలుగులో ఏదో అనబోయింది.

"పదింటికి షాపు మూసేస్తారండీ" అన్నాను.
"ఎవరు?" అంది ఆవిడ, చుట్టూ చూసి.
"నేనే."

గొణుక్కుంటూ పక్కవీధికి పోయింది.
రెట్టింపు డబ్బులూ ఆవిడ వెంటే పోయాయి.

సీసాలో నాలుగో గీత కింద గుక్కెడు మిగిలింది.
దాంతో మాత్ర మింగాను.
దిండు మీద ఇంకా మూడు సూదులున్నాయి, దారాలతో.
అవి రేపటికి.
దీపం తీసేశాను. ఫ్యాను కింద చెమట ఆరుతోంది.
పెదవి తడుపుకుంటే
ఉప్పగా ఉంది.