నీళ్ళొదులుకోవడం

బార్వన్ నది ఒడ్డున సైకిల్ మీంచి పడ్డప్పుడు
హెల్మెట్‌కి చిన్న బీట, అంతే.
లేచి, జారిన గొలుసు తనే ఎక్కించుకుని
జీలాంగ్ ఎదురుగాలిలో ఇంటిదాకా తొక్కుకుంటూ వచ్చింది మణిమాల.

నాలుగు నెలలకి ఆ బీట సంగతి నేను మరిచిపోయాను.
తను అప్పటికే ఒక్కొక్కటీ మరవడం మొదలుపెట్టింది:
పొయ్యి, తాళం, లెక్కలు చెప్పిన బడి ఏ వీధిలో ఉందో,
చివరికి బాత్రూమ్‌కి వేళకి చేరడం.
నడకా మారింది.
నేలంతా తుమ్మజిగురు పూసినట్టు
పాదం లేవదు, ఈడుస్తుంది.
గడప దగ్గర
అవతలి ఒడ్డు కనబడనట్టు నిలబడిపోతుంది.

"యాభై తొమ్మిది కదా, కొందరికి తొందరగా వస్తుంది"
అన్నాడు వీధిచివరి డాక్టరు.
డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను.
ఒక రాత్రి మూడోసారి దుప్పటి మారుస్తూ
అనరాని మాట ఒకటి అన్నాను.
తెల్లారి హోమ్ వాళ్ళ కాగితాల మీద సంతకం పెట్టాను.
నీళ్ళొదులుకోవడం అంటారే,
అది.

ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరమ్మ
తను నడిచొచ్చే తీరు చూస్తూ అడిగింది,
"ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలిందా?"
నేను నీళ్ళు నమిలాను.
మా గ్యారేజీలో మేకుకి వేలాడుతోంది హెల్మెట్.

తలలో నీరు చేరిందట.
పోయే దారి పూడుకుపోయి నిలిచిందట.
వెన్నులోంచి సూదితో తీశారు
నలభై మిల్లీలీటర్లు.
పావు గ్లాసైనా లేదు,
మా సంసారాన్ని ముంచింది ఇదా!

కారిడార్‌లో పది మీటర్లు.
పొద్దున నలభై ఒక్క సెకన్లు,
మధ్యాహ్నం పదిహేడు.
నర్సు స్టాప్‌వాచ్‌ని రెండుసార్లు చూసుకుంది.
ఆ చివర ఆగి, వెనక్కి తిరిగి, మణిమాల అంది:
"చొక్కా తిరగేసి తొడుక్కున్నావ్."

ఇప్పుడు చెవి వెనక చిన్న బుడిపె,
చర్మం కింద మెడ మీదుగా పొట్టలోకి దిగే గొట్టం.
ఫోను ఆ చెవికి ఆనించదు.
సైకిలెక్కదు.
కొన్ని సాయంత్రాలు ఒక్క మాట కోసం
చెంచా గాల్లోనే ఆపి ఎదురుచూస్తుంది.

నిన్న వంటింట్లో ఎర్రపెన్నుతో కనబడింది.
నా చీటీలు దిద్దుతోంది.
"మెంతులకి సున్నా ఏదీ?
జీలకర్రకి ఒత్తెవరు మింగారు?
బడికెళ్ళావా అసలు?"

ఆ పదకొండు నెలలూ ఏమీ గుర్తులేదంది,
ఎలా ఉండేదాన్నని అడిగింది.
మళ్ళీ నీళ్ళు నమిలాను.

పై అర అయిపోయింది.
రెండో అరలో సగం దాకా వచ్చింది.
హోమ్ కాగితాల నకలు
ఆ కింది సొరుగులో ఉంది.